కారు సెల్ఫ్ కొట్టట్లేదా..? బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్సా, ప్లస్సా.. ఈ ఒక్క తేడాతో పెద్ద ప్రమాదమే!

వర్ని (బాన్సువాడ): అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు ఒంట్లో బాగాలేదు. నిజామాబాద్ తీసుకెళ్దామని కారు తీశారు. తాళం తిప్పితే 'టక్.. టక్..' అని చప్పుడు తప్ప ఇంజిన్ కదల్లేదు. లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. హారన్ నొక్కితే గొంతు పట్టేసినట్టు వస్తోంది. ఆ టైమ్‌లో మెకానిక్ దొరకడు, బ్యాటరీ షాపు తెరిచి ఉండదు. నలుగురిని లేపి బండి తోయించడమో, 108కి ఫోన్ చేయడమో తప్ప వేరే దారి ఉండదు.

వర్ని, చందూరు, మోస్రా, రుద్రూరు చుట్టుపక్కల ఈ కష్టం కాస్త ఎక్కువే. అందుకు కారణం కూడా ఉంది. నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్లు ఎక్కువ. కారు కొని ఇంటి ముందు పెట్టి, మళ్లీ దుబాయ్‌కో, సౌదీకో వెళ్లిపోతారు. ఆ కారు నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది. మిగతావాళ్ల కార్లు కూడా మిల్లు దాకా, పొలం దాకా, బ్యాంకు దాకా.. రెండు మూడు కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఆగిపోతాయి. బ్యాటరీకి ఈ రెండూ పడవు. దానికి తోడు మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్లే ఎండ.

బ్యాటరీ మార్చడం నిజానికి 15 నిమిషాల పని. ఒక 10 నంబర్ పానా ఉంటే చాలు. కానీ ఏ వైరు ముందు తీయాలి అన్న దగ్గర చాలామంది తడబడతారు. ఆ తడబాటు వల్లే చేతులు కాలడం, కళ్లలో యాసిడ్ పడటం, వేల రూపాయల కంప్యూటర్ బాక్స్ పాడవడం జరుగుతుంటాయి. ఆ వివరాలేంటో ఓసారి చూద్దాం.

అసలు బ్యాటరీయే పోయిందా?

సెల్ఫ్ కొట్టకపోతే చాలు.. 'బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలి' అని తేల్చేస్తుంటారు. ప్రతిసారీ అది నిజం కాదు. బ్యాటరీ బాగానే ఉండి, టెర్మినల్ మీద తెల్లగానో, పచ్చగానో బూజులాంటి పొడి పేరుకుని కరెంటు అందకపోవచ్చు. క్లాంపు వదులై ఉండొచ్చు. రాత్రంతా లోపలి లైటు వెలిగి చార్జింగ్ దిగి ఉండొచ్చు. ఆల్టర్నేటర్ చార్జ్ చేయకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

చిన్న మల్టీమీటర్ ఉంటే సగం అనుమానం తీరిపోతుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కారు ఆపి కొన్ని గంటలైన తర్వాత బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద మీటర్ పెట్టి చూడాలి. 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ చార్జ్ ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగమే ఉంది. 12 కంటే కిందికి పడిపోతే దాదాపు ఖాళీ అయినట్టే. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటర్ చూడాలి. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టే సమయంలో 9.6 వోల్టుల కిందికి జారిపోతోందంటే దాని పని అయిపోయిందని అర్థం.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక మీటర్ 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి. అలా చూపిస్తే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తోందన్నమాట. ఇంజిన్ నడుస్తున్నా 12.5 దగ్గరే ఆగిపోతే లోపం బ్యాటరీలో కాదు, చార్జింగ్‌లో ఉంది. అది చూసుకోకుండా కొత్త బ్యాటరీ వేయిస్తే అదీ నాలుగు రోజుల్లో డౌన్ అవుతుంది. ఆ తర్వాత షాపు ఆయనతో గొడవ పడి లాభం లేదు.

ఇక్కడే ఒక పాత అలవాటు గురించి చెప్పుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేసి, 'బండి ఆగలేదు కాబట్టి ఆల్టర్నేటర్ బాగుంది' అని తేల్చే పద్ధతి చాలా షెడ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. పాత జీపుల కాలంలో చెల్లింది. ఇప్పటి కార్లలో అలా చేస్తే ఆల్టర్నేటర్ నుంచి వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి ఇంజిన్ కంట్రోల్ యూనిట్, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి కాలిపోవచ్చు. మీ కారు మీద ఎవరైనా ఈ పరీక్ష చేస్తానంటే మొహమాటం లేకుండా వద్దని చెప్పేయండి.

ఆ డబ్బాలో ఏముంటుంది?

కారు బ్యాటరీ వెనక ఉన్న సూత్రం చాలా పాతది. ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో సీసం పలకలను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి, మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగలిగే మొదటి బ్యాటరీ తయారు చేశాడు. ఇవాళ మన బానెట్ కింద ఉన్నదీ మూలంలో అదే. లోపల ఆరు గదులు ఉంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ కలిస్తే 12.6. మీటర్‌లో కనిపించే అంకె అలా వచ్చిందే.

తెలుగువాళ్లకు ఈ వస్తువుతో ఇంకో సంబంధం కూడా ఉంది. అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమర రాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడి కేంద్రంగా ఎదిగింది. ఆ సంస్థ తెచ్చిన అమరాన్ బ్రాండ్ దేశమంతా తెలుసు. లిథియం బ్యాటరీల కోసం మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అదే సంస్థ పెద్ద ప్రాజెక్టు చేపట్టింది. కారును నడిపే పెద్ద బ్యాటరీ ఎంత మారినా, ఎలక్ట్రిక్ కార్లలో కూడా లైట్లు, లాకులు, కంప్యూటర్ల కోసం ఇప్పటికీ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటోంది. అది డౌన్ అయితే లక్షల రూపాయల ఎలక్ట్రిక్ కారు కూడా డోర్ తెరవకుండా మొరాయిస్తుంది.

ప్రమాదం దగ్గరికొద్దాం. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటారు. నిజమే, షాక్ కొట్టదు. కానీ ఈ బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్ల కరెంటు ఇవ్వగలదు. సెల్ఫ్ మోటార్‌ను తిప్పడానికి కావాల్సింది అదే. ఇనుప పానా రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలిందంటే ఆ కరెంటు అంతా పానా గుండా పోతుంది. క్షణాల్లో పానా ఎర్రగా కాలిపోతుంది. కొన్నిసార్లు టెర్మినల్‌కు అతుక్కుపోతుంది కూడా. మధ్యలో ఉంగరం ఉన్న వేలు ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, కడియం, చేతి గడియారం, మెడలో వేలాడే గొలుసు తీసి జేబులో వేసుకోవాలి.

రెండోది హైడ్రోజన్. చార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీ నుంచి ఈ వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. బ్యాటరీ పగిలి యాసిడ్ మొహం మీద చిమ్మే సంఘటనలు అలా జరిగేవే. చీకట్లో బ్యాటరీలో నీళ్లు ఎంతున్నాయో చూద్దామని అగ్గిపుల్ల గీయడం, బీడీ నోట్లో పెట్టుకుని బానెట్ కిందికి వంగడం.. ఈ రెండూ అస్సలు చేయకూడదు. సెల్‌ఫోన్ టార్చ్ ఉంది కదా.

మైనస్ ముందు.. ప్లస్ తర్వాత.. ఎందుకు?

ఇది చాలామందికి కంఠతా వచ్చు. కారణం మాత్రం తెలియదు. కారణం తెలిస్తే ఎప్పటికీ మర్చిపోరు.

కారులో బ్యాటరీ మైనస్ వైరు, అంటే మన మెకానిక్‌లు ఎర్త్ అనేది, నేరుగా బాడీకి కలిపి ఉంటుంది. అంటే కారు ఇనుప బాడీ మొత్తం మైనస్సే. బానెట్ అంచు, ఇంజిన్, పక్కనున్న క్లాంపు.. అన్నీ. ఇప్పుడు ప్లస్ టెర్మినల్ నట్టును ముందు విప్పుతున్నారనుకోండి. పానా ఒక కొన ప్లస్ మీద ఉంది. తిప్పుతుండగా రెండో కొన బాడీకి తగిలింది. ప్లస్, మైనస్ రెండూ కలిసిపోయినట్టే. ఫెళ్లున మెరుపు వస్తుంది.

అదే మైనస్ ముందు విప్పితే..? పానా ఒక కొన మైనస్ మీద ఉంది, రెండోది బాడీకి తగిలింది. బాడీ కూడా మైనస్సే కాబట్టి ఏమీ కాదు. మైనస్ వైరు ఊడొచ్చాక బాడీకి, బ్యాటరీకి సంబంధం తెగిపోతుంది. ఆ తర్వాత ప్లస్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా ఫర్వాలేదు. పాత బ్యాటరీ తీసేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. కొత్తది పెట్టేటప్పుడు దీనికి తిరకాసు.. ప్లస్ ముందు, మైనస్ చివర్లో. అంతే లెక్క.

ఏది ప్లస్సో తెలియకపోతే వైర్ల రంగును మాత్రమే నమ్ముకోవద్దు. ఎరుపు ప్లస్, నలుపు మైనస్ అనేది కంపెనీ నుంచి వచ్చినప్పటి మాట. ఏళ్ల తర్వాత ఎవరో దొరికిన వైరు వేసి ఉండొచ్చు, దుమ్ము పట్టి రెండూ ఒకేలా కనిపించొచ్చు. బ్యాటరీ మీద అచ్చుపోసిన గుర్తులు చూడాలి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ప్లస్ టెర్మినల్ ముక్క మైనస్ కంటే కాస్త లావుగా ఉంటుంది. తారుమారు కాకూడదనే అలా చేస్తారు. కొత్త బ్యాటరీకి క్లాంపు ఎక్కట్లేదని సుత్తితో కొట్టే ముందు ఒక్కసారి ఆగి చూసుకోండి.. తిరగేసి పెడుతున్నారేమో!

ఇక పనిలోకి దిగితే..

కారు చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపాలి. లైట్లు, ఏసీ, మ్యూజిక్ అన్నీ ఆఫ్. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. ఒక కిటికీ అద్దం దించి ఉంచడం మంచిది. బ్యాటరీ తీసిన కార్లలో సెంట్రల్ లాకింగ్ పనిచేయదు, పొరపాటున డోర్లు పడిపోతే తంటా. ఇంజిన్ ఆపగానే పానా పెట్టకుండా నాలుగైదు నిమిషాలు ఆగాలి. ఇప్పటి కార్లలో కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. మ్యూజిక్ సిస్టమ్‌కు కోడ్ అడిగే పాత మోడల్ అయితే ఆ కోడ్ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. మందు కొట్టేటప్పుడు వాడే కళ్లద్దాలు ఇంట్లో ఉంటే అవి చాలు. పక్కనే ఒక బకెట్ మంచి నీళ్లు పెట్టుకోవాలి. అది ఎందుకో కింద తెలుస్తుంది.

మొదట మైనస్ క్లాంపు నట్టు వదులు చేయాలి. చాలా కార్లకు 10 నంబర్ పానా సరిపోతుంది. నట్టు మొత్తం ఊడదీయక్కర్లేదు, వదులైతే చాలు. క్లాంపును అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఎత్తితే టెర్మినల్ విరిగే ప్రమాదం ఉంది. సీసం మెత్తటి లోహం. ఊడొచ్చిన వైరుకు పాత గుడ్డ చుట్టి, మళ్లీ ఎగిరొచ్చి టెర్మినల్‌కు తగలకుండా పక్కకు కట్టేయాలి. కొన్ని కొత్త కార్లలో మైనస్ క్లాంపుకే ఒక చిన్న సెన్సర్ డబ్బా అతికించి ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగొద్దు, ఖరీదైన వస్తువది.

తర్వాత ప్లస్ మీది ప్లాస్టిక్ మూత తెరిచి అదీ అలాగే. ఆపైన బ్యాటరీని బిగించి పట్టుకున్న పట్టీ విప్పాలి. కొన్నింటికి పైనుంచి అడ్డంగా ఇనుప పట్టీ ఉంటుంది, కొన్నింటికి అడుగున ఒక దిమ్మ లాంటిది బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు తుప్పు పట్టి రాకపోవడం మామూలే.

చిన్న కారు బ్యాటరీ కూడా 10 కిలోల దగ్గర్లో తూగుతుంది. డీజిల్ బండ్లది ఇంకా బరువు. నడుం వంచి ఒక చేత్తో లాగకుండా రెండు చేతులతో, నిటారుగా పైకెత్తాలి. వంచితే యాసిడ్ కారొచ్చు.

బ్యాటరీ తీశాక కింద ట్రే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ తొందరపడి వెంటనే కొత్తది పెట్టేస్తారు. రెండు నిమిషాలు వెచ్చించి ఆ ట్రే, రెండు క్లాంపులు శుభ్రం చేస్తే కొత్త బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ తెల్ల పొడి బుసబుసమంటూ పోతుంది. తర్వాత మంచి నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. సోడా నీళ్లు మాత్రం బ్యాటరీ మూతల్లోకి వెళ్లకూడదు.

కొత్త బ్యాటరీని ట్రేలో సరిగ్గా కూర్చోబెట్టి ముందు పట్టీ బిగించాలి. మన మట్టి రోడ్ల మీద, కాలువ గట్ల మీద తిరిగే బండికి ఇది చాలా ముఖ్యం. కదిలే బ్యాటరీలో పలకలు తొందరగా రాలిపోతాయి. తర్వాత ప్లస్, చివర్లో మైనస్. మైనస్ తగిలించేటప్పుడు చిన్న చిటపట వస్తే కంగారు అక్కర్లేదు. క్లాంపును చేత్తో తిప్పితే కదలకూడదు, అంత బిగువు చాలు. బలం కొద్దీ బిగించి టెర్మినల్ విరగ్గొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. పైన కొంచెం వ్యాసలీన్ రాస్తే బూజు పట్టదు. ముందు బిగించి, ఆ తర్వాతే రాయాలి.

స్టార్ట్ చేశాక మొదటి కొద్ది నిమిషాలు ఇంజిన్ కాస్త అటూ ఇటూగా నడవొచ్చు. గడియారం సున్నా అవుతుంది. పవర్ విండో ఒక్క నొక్కుతో పైకి రాకపోవచ్చు. చాలా కార్లలో అద్దం పూర్తిగా దించి, మళ్లీ పూర్తిగా ఎక్కించి బటన్‌ను కొన్ని సెకన్లు అలాగే నొక్కి పట్టుకుంటే సర్దుకుంటుంది.

యాసిడ్ పడితే..

చర్మం మీద పడితే వెంటనే ఆ బకెట్ నీళ్లు ధారగా పోయాలి. బట్టల మీద పడితే ఆ బట్టలు తీసేయాలి. కంట్లో పడితే మాత్రం ఒక్క సెకను కూడా ఆలస్యం చేయొద్దు. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని కనీసం 15 నుంచి 20 నిమిషాలు శుభ్రమైన నీళ్లతో కడుగుతూనే ఉండాలి. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదు. ఆ తర్వాత నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే. పాలు పోయడం, వంట సోడా కంట్లో వేయడం, పసరు పిండటం.. ఇలాంటివి చూపునే తీసేస్తాయి.

ఏ బ్యాటరీ కొనాలి?

పాత బ్యాటరీ ఫొటో తీసుకుని షాపుకు వెళ్లడం అన్నిటికంటే తేలిక. దాని మీద 38బి20ఎల్ లాంటి కోడ్ ఉంటుంది. మొదటి అంకె సామర్థ్యాన్ని సూచిస్తుంది. 'బి' వెడల్పు, ఎత్తు తెలిపే అక్షరం. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి 'ఎల్' లేదా 'ఆర్' అన్నది టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో చెబుతుంది. ఈ చివరి అక్షరం దగ్గరే ఎక్కువ మంది మోసపోతారు. సైజు సరిపోయింది కదా అని ఎల్ ఉన్నచోట ఆర్ తెస్తే ప్లస్ వైరు ప్లస్‌కు అందదు. వైరు సాగదీసి కట్టడం ప్రమాదం. యూరప్ పద్ధతిలో తయారైన కార్లకు డిన్ అనే మాటతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి సరిపోదు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగి, క్లచ్ నొక్కగానే స్టార్ట్ అయ్యే కార్లు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటికి మామూలు బ్యాటరీ వేస్తే కొద్ది నెలల్లోనే చేతులెత్తేస్తుంది. ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వేయాలి. ధర ఎక్కువే, తప్పదు. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ కార్లలో బానెట్ కింద ఉన్న బ్యాటరీ కాకుండా ముందు సీటు కింద ఇంకో లిథియం బ్యాటరీ ఉంటుంది. దాని జోలికి వెళ్లొద్దు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్లు కనిపిస్తే అవి వందల వోల్టులవి అని గుర్తు. అక్కడ పానా కింద పెట్టేయడమే. ఆ పని సర్వీస్ సెంటర్ వాళ్లదే.

కొనేటప్పుడు తయారీ తేదీ అడగండి. షాపులో ఆరు నెలలకు పైగా పడి ఉన్న బ్యాటరీ చార్జింగ్ చాలావరకు దిగిపోయి ఉంటుంది. వారంటీ కూడా జాగ్రత్తగా వినాలి. '48 నెలల వారంటీ' అంటే చాలాసార్లు మొదటి 24 నెలలు ఉచితంగా మార్చి ఇవ్వడం, తర్వాత 24 నెలలు వాడిన కాలాన్ని బట్టి కొంత తగ్గింపు ఇవ్వడం అని అర్థం. కార్డు మీద తేదీ, బ్యాటరీ నంబర్, షాపు ముద్ర లేకపోతే తర్వాత నోరెత్తడానికి ఉండదు.

పాతదాన్ని ఏం చేయాలి?

షాపులో ఇచ్చేయాలి, అంతే. పాత బ్యాటరీ ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. బయట ఎవరో వంద రూపాయలు ఎక్కువ ఇస్తామన్నారని పగలగొట్టి సీసం తీసేవాళ్లకు అమ్మితే, ఆ యాసిడ్ ఏ కాలువ పక్కనో, ఏ బావి దగ్గరో పారబోస్తారు. నిజాంసాగర్ నీళ్లతో పండే ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు. సీసం పొగ, ధూళి చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కేంద్రం 2022 ఆగస్టులో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడి పారేసే బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు. దాన్ని సేకరణ, రీసైక్లింగ్ చేసేవాళ్లకే అప్పగించాలి.

మార్చక్కర్లేదు, జంప్ చాలంటే..

చార్జింగ్ మాత్రమే దిగితే పక్క బండి నుంచి జంపర్ కేబుల్‌తో స్టార్ట్ చేయొచ్చు. వరుస ఇదీ: ఎర్ర కేబుల్ ఒక కొన డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబుల్ ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కు. దాని రెండో కొన డౌన్ అయిన బ్యాటరీ మైనస్‌కు కాదు.. ఆ కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొన తగిలించేటప్పుడు మెరుపు వస్తుంది. హైడ్రోజన్ ఉండే చోట ఆ మెరుపు రాకూడదు, అందుకే ఈ దూరం. స్టార్ట్ అయ్యాక తీసేటప్పుడు సరిగ్గా వెనక్కి వెనక్కి.

వరి కోతల సీజన్‌లో ధాన్యం లారీలు రోడ్డంతా ఉంటాయి, డ్రైవర్లు అడిగితే కాదనరు కూడా. కానీ పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. దాన్నుంచి 12 వోల్టుల కారుకు నేరుగా ఇస్తే కారులోని ఎలక్ట్రానిక్స్ మాడిపోతాయి. ట్రాక్టర్ దొరికితే మాత్రం.. మామూలుగా 12 వోల్టులే ఉంటుంది, అయినా ఒకసారి బ్యాటరీ మీద చూసుకోవాలి. జంప్ ఇచ్చే బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి ఉన్నా దగ్గరికి కూడా పోవద్దు.

తోసి స్టార్ట్ చేయడం గేరు కార్లకే. ఆటోమేటిక్ కారును ఊరంతా కలిసి తోసినా స్టార్ట్ కాదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే గేరు కారు కూడా కాకపోవచ్చు, పెట్రోల్ పంపుకే కరెంటు ఉండదు కాబట్టి.

గల్ఫ్ వెళ్లేవాళ్లు కారు పెట్టి వెళ్లేటప్పుడు..

ఆగి ఉన్న కారు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. అలారం, రిమోట్ లాక్, గడియారం, బయట వేయించిన జీపీఎస్, డ్యాష్‌కామ్. రెండు మూడు నెలల్లో బ్యాటరీ ఖాళీ అయి, అలాగే ఉంటే పలకల మీద గట్టి పొర కట్టి మళ్లీ చార్జ్ ఎక్కదు. ఇంట్లోవాళ్లు వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిదనుకుంటారు. దానివల్ల ఉపయోగం తక్కువ. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయిన చార్జ్ కూడా ఆ కాసేపట్లో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. వారానికోసారి అరగంట, బాన్సువాడ దాకానో, బోధన్ దాకానో తిప్పుకుని వస్తే ఫలితం ఉంటుంది.

నడిపేవాళ్లు ఎవరూ లేకపోతే కారు తాళం వేసే పద్ధతి ముందే చూసుకుని మైనస్ వైరు తీసేసి గుడ్డ చుట్టి ఉంచడం మేలు. మూతలు ఉన్న రకం బ్యాటరీ అయితే వెళ్లే ముందు డిస్టిల్డ్ వాటర్ గీత దాకా పోయాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోయకూడదు, యాసిడ్ అసలే వద్దు. మైనస్ తీసిన సంగతి, 10 నంబర్ పానా ఎక్కడుందో, తిరిగి ఎలా తగిలించాలో ఇంట్లో ఒకరికి చేసి చూపించి వెళ్లాలి. ఫోన్‌లో చిన్న వీడియో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టినా సరే. అర్ధరాత్రి అవసరం పడినప్పుడు దుబాయ్ నుంచి ఫోన్‌లో చెబుతూ చేయించే పని కాదిది.